రెండు వేల మూడు వందల జన్యువుల లిస్టు వచ్చింది, ఇప్పుడేం చెయ్యాలి?

నీ ప్రశ్నని ముందు నా మాటల్లో చెప్తాను, తప్పయితే సరిదిద్దు. నువ్వు అనంతపురం నుంచి వచ్చి బెంగళూరులో ఎమ్మెస్సీ చేస్తున్నావు. ప్రాజెక్టులో రాగి మొలకల్ని 42 డిగ్రీల వేడిలో పెట్టి, ఆకుల్లోంచి ఆర్‌ఎన్‌ఏ తీసి సీక్వెన్సింగ్‌కి పంపారు. మామూలు మొక్కలు మూడు, వేడి తగిలినవి మూడు. తిరిగి వచ్చిన ఎక్సెల్ షీట్లో 2,300 జన్యువుల పని హెచ్చుతగ్గులైనట్టు ఉంది. మీ గైడ్ "దీన్ని వరితో, ఇంకో రెండు మూడు జీవులతో పోల్చి, లోపల ఏ ప్రక్రియ నడుస్తోందో రాయి" అన్నారు. ఈస్ట్‌లోనో ఈగలోనో చూసినదానికీ మన రాగికీ ఏం సంబంధం, ఈ లిస్టులోంచి ఒక కథ ఎలా బయటికొస్తుంది అన్నది నీ సందేహం. టెన్షన్‌గా ఉందని కూడా రాశావు. నా కూతురు వయసే ఉంటుంది నీకు, అందుకని "నువ్వు" అంటున్నాను, ఏమీ అనుకోకమ్మా.

ఆ లిస్టు జవాబు కాదు. ఆరు గొట్టాల్లో ఉన్న ఆర్‌ఎన్‌ఏకి తేడా ఏమిటో యంత్రం చెప్పింది, అంతే. ఆ తేడాలో వేడి వల్ల వచ్చినదెంత, మీరు ప్రయోగం చేసిన తీరు వల్ల వచ్చినదెంత అన్నది మొదటి చిక్కు. వేరే జీవితో పోల్చేటప్పుడు జన్యువు పేరుని పేరుతో పోలుస్తున్నావా, అది చేసే పనిని పనితో పోలుస్తున్నావా అన్నది రెండో చిక్కు. నేను ఈ ఊరొచ్చి ఇరవై రెండేళ్ళయింది. ఇన్నాళ్ళలో చూసిన తప్పుల్లో, నావి కూడా కలుపుకుని, ఎక్కువభాగం ఈ రెండు చోట్లే జరిగాయి.

యలహంకలో మా డాబా మీద నిలబడితే ఎదురుగా పెద్ద అపార్ట్‌మెంట్ కనిపిస్తుంది. ప్రతి ఫ్లాటుకీ ప్లాను ఒక్కటే, గదులూ అవే. కాని సాయంత్రం ఏడింటికి వంటిళ్ళలో లైట్లు వెలుగుతాయి, పదకొండింటికి పడకగదుల్లో, రాత్రి రెండింటికి ఎక్కడో ఒకటీ అరా. కణాల సంగతీ అంతే. నీ కాలేయంలో ఉన్న డీఎన్‌ఏనే నీ కంట్లోనూ ఉంది. మనిషికి ప్రొటీన్లు తయారుచేసే జన్యువులు 20 వేల దాకా ఉన్నాయి. వాటిలో ఏవి వెలుగుతున్నాయి, ఎంత వెలుగుతున్నాయి అన్నదే కాలేయాన్ని కాలేయంగా, కన్నుని కన్నుగా ఉంచుతోంది. తేనెటీగల్ని చూడు. రాణి ఈగా, కూలి ఈగా ఒకే రకం గుడ్లలోంచి వస్తాయి, తిండి తేడా అంతే. 2008లో ఆస్ట్రేలియాలో డీఎన్‌ఎంటీ3 అనే ఒక్క జన్యువుని లార్వాల్లో అణిచి చూశారు. రాణికి పెట్టే రాయల్ జెల్లీ పనిచేసినట్టే వాటిలో ఎక్కువభాగం రాణి లక్షణాలతో బయటికొచ్చాయి. డీఎన్‌ఏలో అక్షరం మారలేదు, ఏ గదిలో లైటు వేయాలన్నదే మారింది.

వెలుగుతున్న జన్యువు నుంచి మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ అనే నకలు తయారవుతుంది. మీరు సీక్వెన్సింగ్‌కి పంపింది ఆ నకళ్ళనే. ఏ జన్యువు నకళ్ళు ఎన్నున్నాయో లెక్కపెడితే ఆ నిమిషాన ఆ ఆకు ఏ పనిలో ఉందో ఊహించొచ్చు. ఊహ అనే అంటున్నాను. రాత్రి రెండింటికి వెలిగే కిటికీ వెనక అమెరికా షిఫ్టు చేసే కుర్రాడు ఉండొచ్చు, పాలకి ఏడ్చే పసిపిల్ల ఉండొచ్చు. బయటినుంచి చూసేవాడికి లైటు మాత్రమే తెలుస్తుంది.

నీ ప్రాజెక్టు వేడి మీద కాబట్టి వేడి కథే చెప్తాను. అదృష్టం కొద్దీ ఈ రంగంలో అందమైన కథల్లో అదొకటి. ఇటలీలో ఫెరూచియో రిటోసా అనే ఆయన డ్రోసోఫిలా అనే పండ్ల ఈగ లార్వాల లాలాజల గ్రంథుల్ని చూస్తూ ఉండేవారు. ఆ గ్రంథుల్లో క్రోమోజోములు బాగా లావుగా ఉండి మామూలు మైక్రోస్కోపులోనే స్పష్టంగా కనిపిస్తాయి. జన్యువు జోరుగా పనిచేస్తున్న చోట క్రోమోజోము ఉబ్బుతుంది, దాన్ని పఫ్ అంటారు. ఎవరో ఇన్‌క్యుబేటర్ వేడి పెంచేశారు. ఆయన వచ్చి చూస్తే మామూలుగా ఉబ్బు ఉండని చోట్ల కొత్త ఉబ్బులు! 1962లో ఆ సంగతి అచ్చయింది. సీక్వెన్సింగ్ యంత్రం అంటే ఏమిటో తెలియని రోజుల్లో, జన్యువు వెలగడాన్ని మనిషి కంటితో చూశాడు. ఆ ఉబ్బులకి సంబంధించిన ప్రొటీన్లేమిటో తెలియడానికి 1974 దాకా పట్టింది. మనం ఇప్పుడు హీట్ షాక్ ప్రొటీన్లు అంటున్నవి అవే.

ఈగలో మొదలైన ఈ సంగతి వెతికిన ప్రతిచోటా దొరికింది. వేడికి ప్రొటీన్ల మడతలు విప్పుకుపోతాయి, కోడిగుడ్డు ఉడికితే తెల్లసొన గట్టిపడుతుందే, ఆ దారిలో పోతాయన్నమాట. విప్పుకున్న ప్రొటీన్లు ఒకదానికొకటి అంటుకుపోకుండా పట్టుకుని, మళ్ళీ సరిగ్గా మడతపెట్టేవి ఈ హీట్ షాక్ ప్రొటీన్లు. వాటిలో హెచ్‌ఎస్‌పీ70 అనేది ఒకటుంది. ఈ.కోలి బాక్టీరియాలో దాని పేరు డీఎన్‌ఏ-కే. మనిషి హెచ్‌ఎస్‌పీ70నీ, బాక్టీరియా డీఎన్‌ఏ-కేనీ పక్కపక్కన పెడితే అమినో ఆమ్లాలు దాదాపు సగం ఒకే వరసలో ఉంటాయి. కోట్ల ఏళ్ళ కింద విడిపోయిన దాయాదుల ఇళ్ళలో ఇంకా అదే రోలు వాడుతున్నట్టు. నీ లిస్టుని ఎక్కువ మారినవాటి క్రమంలో పేర్చి పైన చూడు, హెచ్‌ఎస్‌పీలు కనిపిస్తాయి. కనిపించకపోతే వేడి మొక్కకి తగల్లేదనో, శాంపిళ్ళు తారుమారయ్యాయనో అనుమానించాలి. ఈస్ట్ వల్లా ఈగ వల్లా నీకు కలిగే మొదటి లాభం ఇదే. ఏం కనిపించాలో నీకు ముందే తెలుసు.

ఇక్కడితో ఆగితే మాత్రం అన్ని జీవులూ ఒకటే అనే తప్పు మాట రాస్తావు. మడతపెట్టే పని ఒకటే, చాలావరకు పనివాళ్ళూ ఒకటే, కాని వాళ్ళని పిలిచే స్విచ్ ఒకటి కాదు. ఈ.కోలిలో ఆ స్విచ్ సిగ్మా-32. ఈస్ట్‌లో, మనలో, మొక్కల్లో హీట్ షాక్ ఫ్యాక్టర్ అనే వేరే ప్రొటీను. దానికీ సిగ్మాకీ చుట్టరికమే లేదు. ఈస్ట్‌కి ఆ ఫ్యాక్టర్ ఒకటే. అరబిడాప్సిస్ అనే ఆవ జాతి చిన్న మొక్కకి 21, వరికి 25. మనకి ఎండ కొడితే నీడకి పోతాం. వరి మొక్క ఎక్కడికి పోతుంది? ఉన్నచోటే తట్టుకోవాలి కాబట్టి అన్ని ఫ్యాక్టర్లు పెట్టుకుంది అని మా వాళ్ళు అంటుంటారు. నిరూపించడం అంత తేలిక కాదు గాని నాకూ నమ్మబుద్ధేస్తుంది. అందుకే ఈస్ట్‌లో ఈ జన్యువు పెరిగింది, రాగిలో దాని జోడీ, అంటే ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిన జన్యువు, పెరిగిందా లేదా అని ఒక్కొక్క పేరూ టిక్కు పెట్టుకుంటూ పోతే చిక్కుల్లో పడతావు. ఒకే ఫ్యాక్టర్‌కి ఇరవై జోడీలు దొరుకుతాయి, వాటిలో పదిహేను కదలవు. మడతపెట్టే పని పెరిగిందా, ఏ కుటుంబంలోని ఏ సభ్యులు ఆ పనికి దిగారు అని అడిగితే రాయడానికి ఏదైనా ఉంటుంది.

నీ లిస్టులో కిందికి పోయినవి కూడా చూశావా? చాలామంది పెరిగినవే చూస్తారు. కణంలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోముల తయారీకి సంబంధించినవి తగ్గి ఉంటే, వేడి రాగిలో ప్రొటీన్ తయారీని అణిచేస్తోంది అని పెద్ద అక్షరాలతో రాసేయకు. 2000లో ఆడ్రీ గాష్, ఇంకొందరు కలిసి ఈస్ట్‌ని వేడి, ఉప్పు, ఆకలి, రకరకాల రసాయనాలు అన్నింటితోనూ బాధపెట్టి చూశారు. దాదాపు 900 జన్యువులు ఏ బాధకైనా ఒకేలా కదిలాయి, 300 దాకా పెరిగాయి, 600 దాకా తగ్గాయి. తగ్గినవాటిలో రైబోజోము సరుకే ఎక్కువ. కష్టం వస్తే కణం ముందు ఎదుగుదల ఆపుతుంది, ఏ కష్టమైనా సరే. ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగా లేకపోయినా ముందు ఆపేది కొత్త ఇంటి పనులేగా, అలాంటిది. నీ 2,300లో వేడికే ప్రత్యేకమైనవి ఏవో తెలియాలంటే రాగిని ఎండబెట్టిన డేటానో, ఉప్పు పెట్టిన డేటానో పక్కన పెట్టి, రెంటిలోనూ ఉన్నవాటిని విడిగా తియ్యాలి. రాగి జీనోమునీ, అంటే దాని మొత్తం డీఎన్‌ఏనీ, కరువుకి దాని స్పందననీ 2017లో ప్రచురించింది ఈ బెంగళూరులోనే, జీకేవీకేలోని వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు. అక్కడినుంచి మొదలుపెట్టు.

కాలం సంగతి ఒకటుంది. ఈ.కోలి మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ ఆయుష్షు కొన్ని నిమిషాలే. మన కణాల్లో చాలావాటికి గంటలు. వేడి తగిలిన ఈస్ట్‌లో పెద్ద హడావిడంతా అరగంటలోపే వచ్చి, తర్వాత సర్దుకుంటుంది. మీరు మొక్కల్ని ఎంతసేపు వేడిలో ఉంచారో నువ్వు రాయలేదు. మూడు గంటలయితే దాన్ని ఈస్ట్ మూడు గంటల డేటాతో పోల్చడం అంటే, పెళ్ళి ముహూర్తం ఫోటోని పదహార్రోజుల పండగ ఫోటోతో పోల్చడమే. వేడి అన్న మాట కూడా అందరికీ ఒకటి కాదు. 25 డిగ్రీల్లో పెరిగే ఈస్ట్‌కీ ఈగకీ 37 అంటే హీట్ షాక్. మనకి అది ఒంటి మామూలు వేడి. అనంతపురంలో మే నెలలో చేలో ఉన్న మొక్కకి 42 అంటే ఎంతో, జీకేవీకే గ్రోత్ చాంబర్లో 28లో పెరిగిన మొలకకి 42 అంటే ఎంతో నువ్వే ఆలోచించు.

జోడీల విషయం కాస్త ఓపిగ్గా చదువు. రాగి రెండు పూర్వీకుల జీనోములు కలిసిన మొక్క, అలాంటివాటిని టెట్రాప్లాయిడ్ అంటారు, 36 క్రోమోజోములు. వరిలో ఒకటిగా ఉన్న జన్యువు రాగిలో తరచు రెండుగా ఉంటుంది, 'ఏ' అనే జీనోముదొకటి, 'బీ' అనే జీనోముదొకటి. రెండూ కవలల్లా ఉంటాయి కాబట్టి సీక్వెన్సర్ చదివిన ముక్క ఎవరిదో సాఫ్ట్‌వేర్‌కి అంతుపట్టదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు అలాంటి ముక్కల్ని పారేస్తాయి, కొన్ని చెరిసగం పంచుతాయి. నీది ఏం చేసిందో కనుక్కో. వరితో పోల్చేటప్పుడు రెండు కాపీల లెక్కలూ కలిపి చూడు, తర్వాత ఆసక్తి ఉంటే విడివిడిగా. ఒకటికొకటి జోడీ ఉన్న జన్యువుల్నే తీసుకుంటాను, గొడవ ఉండదు అనుకుంటావేమో. గొడవ ఉండదు గాని, వేడిని తట్టుకోవడం కోసం ఎక్కువైన కుటుంబాలన్నీ ఆ వడపోతలో పోతాయి. నీకు కావలసినవే పోతాయి.

ఇంకో ఉచ్చు ఉంది. దీన్ని పీహెచ్‌డీ అయినవాళ్ళు కూడా గమనించరు. జన్యువుల లిస్టు ఇస్తే ఏ ప్రక్రియలు ఎక్కువున్నాయో చెప్పే జీన్ ఆంటాలజీ టూల్ వాడతావు. ఈగ, ఈస్ట్, ఎలుకల డేటాబేసుల వాళ్ళు 1998లో కలిసి ఈ పదజాలం మొదలుపెట్టారు, ఎవరి భాష వాళ్ళు మాట్లాడుకుంటుంటే పోల్చడం కుదరక. గొప్ప పని. కాని రాగి జన్యువులకి ఆ పేర్లు ఎవరు పెట్టారు? చాలావరకు కంప్యూటరే, అరబిడాప్సిస్‌లోనో వరిలోనో పోలిక ఉన్న జన్యువు పేరు తెచ్చి అతికించింది. ఆ పేర్లతో లెక్కవేసి "రాగిలోనూ అరబిడాప్సిస్‌లాంటి ప్రక్రియలే నడుస్తున్నాయి" అని రాస్తే, మన జేబులోంచి మనమే తీసి లెక్కపెట్టుకున్నట్టు. పైగా ఏ పోలికా దొరకని, పేరులేని జన్యువులు నీ లిస్టులో కొన్ని వందలుంటాయి. వాటిని అందరూ వదిలేస్తారు, రాగికే ప్రత్యేకమైనదేదైనా ఉంటే అది దాక్కునేది అక్కడే. టూల్ వాడేటప్పుడు పోల్చే నేపథ్యంగా జీనోము మొత్తాన్ని కాక, ఆకులో అసలు వెలిగిన జన్యువుల్నే ఇవ్వు. లేకపోతే ఏ లిస్టు ఇచ్చినా కిరణజన్య సంయోగక్రియ ఎక్కువుందని చెప్తుంది. ఆకు కదా మరి!

జీవుల మధ్య పోలిక ఎంత పెద్దవాళ్ళనైనా ఎలా బోల్తా కొట్టిస్తుందో ఒక ఉదాహరణ. 2011లో హెన్రిక్ కేస్‌మన్ బృందం మనిషి, కోతులు, ఎలుక, ప్లాటిపస్, కోడి, ఇలా పది జాతుల్లో ఆరు అవయవాల్ని చూసింది. మనిషి గుండె డేటా మనిషి కాలేయం పక్కన కాదు, ఎలుక గుండె పక్కన చేరింది. జాతి కన్నా అవయవం గట్టి బంధమన్నమాట. మెదడులో జన్యువుల వెలుగు జాతి నుంచి జాతికి నెమ్మదిగా మారిందనీ, వృషణాల్లో గబగబా మారిందనీ కూడా తేలింది. మూడేళ్ళ తర్వాత 2014లో ఇంకో పెద్ద బృందం మనిషినీ ఎలుకనీ పోల్చి తిరగబడ్డ మాట చెప్పింది, అవయవం ప్రకారం కాదు, జాతి ప్రకారమే గుంపులు కడుతున్నాయని. 2015లో యోవ్ గిలాడ్, ఓర్నా మిజ్రాహీ-మాన్ ఆ డేటానే తీసి, ఏ శాంపిల్ ఏ యంత్రంలో ఏ విడతలో నడిచిందో చూశారు. మనుషులవి ఎక్కువగా ఒక విడత, ఎలుకలవి ఎక్కువగా ఇంకో విడత! విడతల తేడా తీసేసి లెక్కవేస్తే మళ్ళీ అవయవాల ప్రకారమే గుంపులు కట్టాయి. జాతి తేడా అనుకున్నదాంట్లో యంత్రం తేడా కలిసిపోయింది. నువ్వు నీ రాగి డేటాని ఎవరో ఎక్కడో చేసిన వరి డేటా పక్కన నేరుగా పెట్టినా ఇదే జరుగుతుంది. అంకెల్ని అంకెలతో పోల్చకు. వరిలో వేడికీ మామూలుకీ తేడా ఎంతో ముందు వరిలోనే తేల్చు, రాగిలో తేడా రాగిలోనే తేల్చు, ఆ తర్వాత తేడాల్ని పోల్చు. ఎవరి విడత గోల వాళ్ళింట్లోనే చాలావరకు కొట్టుకుపోతుంది.

ఇప్పుడు నా సొంత తలవంపు ఒకటి. చాలా ఏళ్ళ కిందట, ఊళ్ళో ఒక సంస్థలో పనిచేసేటప్పుడు, నీళ్ళు ఆపేసిన మొక్కలూ నీళ్ళు పెట్టిన మొక్కలూ పోల్చాలి. పొద్దున తొమ్మిదింటికి నీళ్ళు పెట్టినవాటి ఆకులు కోశాం. కోసిన ఆకుల్ని వెంటనే గడ్డకట్టించే ద్రవ నైట్రోజన్ అయిపోయింది. కొత్త డబ్బా వచ్చేసరికి, మేం దగ్గర్లో ఉన్న ఆంధ్రా మెస్సులో గోంగూర పప్పు తినొచ్చేసరికి రెండున్నర. అప్పుడు మిగతావి కోశాం. లిస్టు అద్భుతంగా వచ్చింది. పైన ఉన్నవన్నీ సీసీఏ1, ఎల్‌హెచ్‌వై, టీఓసీ1, అంటే మొక్కకి రోజులో వేళ తెలిపే గడియారం జన్యువులు. కరువు వచ్చి మొక్క గడియారాన్ని మార్చేస్తోందని నేను స్లైడ్లు కూడా చేశాను. మా సీనియర్ ఒకావిడ అవి చూసి, "ఆకులు ఎప్పుడు కోశారు?" అని ఒక్క ముక్క అడిగింది. మొదటి రెండూ తెల్లవారేటప్పుడు బాగా వెలిగేవి, మూడోది పొద్దువాలే వేళది. అరబిడాప్సిస్‌లో జన్యువుల్లో సుమారు మూడో వంతు రోజులో వేళని బట్టి హెచ్చుతగ్గులవుతుంటాయి. నేను కొలిచింది కరువుని కాదు, మా భోజనం వేళని.

గడియారం మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి, జన్యువుని కాక పనిని పోల్చడం అంటే ఏమిటో దీనికన్నా బాగా చెప్పేది లేదు. ఈగలో పీరియడ్ అనే జన్యువు ఆర్‌ఎన్‌ఏ రోజుకోసారి పెరిగి తగ్గుతుందని, దాని ప్రొటీను తిరిగొచ్చి ఆ జన్యువునే ఆపుతుందని 1990లో చూశారు. గడియారం గుట్టు విప్పినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్‌లకి 2017లో నోబెల్ వచ్చింది. ఎలుకలో, మనలో ఆ జన్యువుకి చుట్టాలున్నారు. మొక్కల్లో పీరియడ్ లేదు, అక్కడున్నవి పూర్తిగా వేరే జన్యువులు. అయినా తయారైనది తిరిగొచ్చి తన తయారీనే ఆపడం అనే చుట్టు మాత్రం అక్కడా ఉంది. పేర్లు పోల్చే టూల్‌కి ఈగ గడియారానికీ రాగి గడియారానికీ సంబంధం ఏమీ కనిపించదు. వేళ వారీగా గ్రాఫు గీస్తే కనిపిస్తుంది.

లెక్కల భాగం త్వరగా చెప్పేస్తాను, దీని మీద మంచి పాఠాలు బోలెడున్నాయి. 30 వేల జన్యువుల్ని టెస్టు చేశావనుకో. తేడా ఊరికే, యాదృచ్ఛికంగా రాగల అవకాశాన్ని చెప్పే పీ వాల్యూకి 0.05 గీత పెడితే వేడి ఏమీ చెయ్యకపోయినా 1,500 జన్యువులు ఊరికే లిస్టులోకి వస్తాయి. అందుకే 1995లో బెంజమినీ, హోక్‌బెర్గ్ చెప్పిన పద్ధతిలో సరిచేసిన పీ వాల్యూనే చూడాలి. నీ 2,300 సరిచెయ్యకముందువా, తర్వాతవా? షీట్లో కాలమ్ పేరు చూసి చెప్పు. ఇంకో ముక్క. సీక్వెన్సర్ ఇచ్చేవి వాటాలే, అసలు మొత్తాలు కావు. మెజెస్టిక్‌లో యాభై సీట్ల బస్సులోకి పెళ్ళిబృందం ఒకటి ఎక్కితే మిగతా ఊళ్ళవాళ్ళు తగ్గినట్టు కనిపిస్తారు, వాళ్ళు స్టాండులోనే ఉన్నారు పాపం. వేడిలో హెచ్‌ఎస్‌పీలు అలాంటి పెళ్ళిబృందం. సాఫ్ట్‌వేర్ దీన్ని కొంత సరిచేస్తుంది, పూర్తిగా కాదు. కాబట్టి కొద్దిగా తగ్గినవాటి మీద కథలు కట్టకు.

ఆర్‌ఎన్‌ఏ పెరిగితే ప్రొటీను పెరిగినట్టు కాదు. 2011లో ఎలుక కణాల మీద కొలిచి, ప్రొటీన్ల మొత్తాల్లో ఉన్న తేడాల్లో ఆర్‌ఎన్‌ఏతో వివరించగలిగేది 40 శాతమేనన్నారు. తర్వాత లెక్క సరిచేసినవాళ్ళు అంతకన్నా ఎక్కువేనన్నారు. వేడిలో ఈ తేడా ఇంకా ముదురుతుంది, ఎందుకంటే కణం మామూలు ఆర్‌ఎన్‌ఏలని పక్కనబెట్టి హీట్ షాక్ ఆర్‌ఎన్‌ఏలనే ముందు ప్రొటీన్లుగా మారుస్తుంది. లిస్టులో మారకుండా ఉన్న జన్యువు కూడా ఆ గంటలో పని మానేసి ఉండొచ్చు.

ఇన్ని జాగ్రత్తలు విని ఈ పని దండగ అనుకోకు. మాది పశ్చిమ గోదావరిలో పెనుగొండ వైపు. మారుటేరు పరిశోధన స్థానంలో పుట్టిన స్వర్ణ, అదే ఎమ్‌టీయూ 7029, మా ఇంట్లో తిన్న అన్నం. వరద వచ్చి వారం పైన చేను మునిగితే ఇక ఆ పంట మీద ఆశ వదులుకోవడమే. ఒడిశాలో ఎఫ్‌ఆర్13ఏ అనే పాత నాటు రకం ఉంది, అది పది పన్నెండు రోజులు మునిగినా బతికేది. దాంట్లో సబ్1ఏ అనే జన్యువు ఉందని 2006లో తేలింది. నీట మునిగిన మొక్కలో ఎథిలిన్ వాయువు పోగుపడుతుంది, దాంతో ఈ జన్యువు వెలుగుతుంది. అది వెలిగిందంటే మొక్కని సాగదీసే జిబ్బరెల్లిన్ అనే హార్మోను మాట చెల్లదు, మొక్క సాగడం మానేసి, చక్కెరలు దాచుకుని, ఊపిరి బిగపట్టి కూర్చుంటుంది. నీళ్ళు తీశాక మళ్ళీ చిగురేస్తుంది. ఆ జన్యువుని మామూలు సంకరంతోనే స్వర్ణలోకి తెచ్చారు, 2009లో స్వర్ణ-సబ్1 విడుదలైంది. అదే 2009లో జపాన్ వాళ్ళు లోతునీటి వరిలో స్నార్కెల్ అనే జన్యువుల్ని కనిపెట్టారు. అవీ సబ్1ఏ కుటుంబానివే, అవీ ఎథిలిన్ తోనే వెలుగుతాయి, చేసే పని మాత్రం పూర్తిగా ఎదురు. మొక్కని గబగబా సాగదీసి తల నీళ్ళపైకి తెస్తాయి. కుటుంబం పేరు చూసి పని రాసేసేవాడు ఇక్కడ నిండా మునుగుతాడు. ఈ రెండు కథల్లోనూ లిస్టు దగ్గర ఎవరూ ఆగలేదు. జన్యువుని మామూలు మొక్కలో పెట్టి, ముంచి చూశారు.

ఎమ్మెస్సీ ప్రాజెక్టులో జన్యువు మార్చి చూసే టైమ్ నీకు ఉండదు, తెలుసు. కనీసం మూడు నాలుగు జన్యువులు ఎంచుకుని, కొత్తగా పెంచిన మొక్కల్లో, ఒక్కో జన్యువు ఆర్‌ఎన్‌ఏ ఎంతుందో విడిగా కొలిచే ఆర్‌టీ-పీసీఆర్ చెయ్యి. కోవిడ్ రోజుల్లో సీటీ వాల్యూ అని అందరి నోటా విన్నదే, ఒక సైకిల్ తేడా అంటే సుమారు రెండింతల తేడా. పాత ఆర్‌ఎన్‌ఏ గొట్టంలోంచే మళ్ళీ చేస్తే యంత్రాన్ని పరీక్షించినట్టు అవుతుంది గాని, మొక్కని పరీక్షించినట్టు కాదు. పోలికకి, మామూలుగా మారదని అందరూ వాడే యాక్టిన్ జన్యువు ఒక్కటే పెట్టుకోకు, వేడికి అది కూడా కదలొచ్చు. రెండు మూడు జన్యువులు కదలకుండా ఉన్నాయని చూసి వాడు.

అంతకన్నా ముందు ఈ వారం చెయ్యాల్సింది, ఆరు శాంపిళ్ళకీ పీసీఏ బొమ్మ, అంటే ఏది దేనికి దగ్గరగా ఉందో చూపే బొమ్మ, వేయడం. మూడూ మూడూ విడిగా నిలబడ్డాయా, లేక ఒకటి ఎటో పోయిందా చూడు. తర్వాత మీ ల్యాబ్ నోట్‌బుక్ తీసి, ఒక్కో ఆకు ఏ రోజు ఏ గంటకి కోశారు, ఆర్‌ఎన్‌ఏ ఎవరు ఎప్పుడు తీశారు, ఏ విడతలో సీక్వెన్సింగ్‌కి వెళ్ళింది, ఆరు వరసలు రాయి. నోట్‌బుక్‌లో లేకపోతే ఫోన్‌లో ఆ రోజు ఫోటోలు వెతుకు, టైమ్ ఉంటుంది, మేం మెస్సు బిల్లు చూసి కనుక్కున్నాం. ఆ ఆరు వరసలూ పీసీఏ బొమ్మా పెట్టు, ఆదివారం కూర్చుని చూస్తాను.